క్రాన్ నేర్చుకుందాం – 4వ భాగం: సర్వర్ ఎవరి టైము చూస్తోంది?

క్రాన్ అంటే సర్వర్‌లో చెప్పిన టైముకి పనులు నడిపించే ప్రోగ్రామ్, ఆ టైములు రాసిపెట్టే ఫైలు క్రాన్‌ట్యాబ్. పోయిన భాగంలో క్రాన్‌ట్యాబ్‌లో ఒక లైను రాసి, రాత్రి 12:30కి స్క్రిప్టు దానంతటదే నడిచేలా పెట్టాం. నడుస్తోంది కూడా. కానీ పని అయ్యాక రావాల్సిన మెయిల్ పొద్దున ఆరింటికి వస్తోందా? లాగ్ తెరిస్తే మాత్రం 00:30 అనే ఉంటుంది. లైనులో తప్పేమీ లేదు. క్రాన్ మీరు చెప్పిన టైముకే లేచింది, కాకపోతే తన గడియారం చూసుకుని లేచింది.

సర్వర్‌లోకి లాగిన్ అయి డేట్ కమాండ్ కొట్టండి. క్లౌడ్ సర్వర్లలో చాలావరకు యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే కాలమానం) అనే కనిపిస్తుంది. భారత కాలమానం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే మన రాత్రి 12:30 సర్వర్‌కి ముందురోజు సాయంత్రం 7 గంటలు. రోజూ చేసే పనికైతే లెక్క ఇంతటితో తేలిపోతుంది (మొదటి అంకె నిమిషం, రెండోది గంట, నక్షత్రాలంటే రోజూ అని):

0 19 * * *

తేదీతో ముడిపడిన పని దగ్గరే అసలు చిక్కు. ప్రతి నెల 1వ తేదీ రాత్రి 12:30కి గత నెల రిపోర్టు తయారు కావాలనుకోండి. జూన్ 1, 00:30 అంటే యూటీసీలో మే 31, 19:00. ఇంకో నెలలో అది 30 అవుతుంది, ఫిబ్రవరిలో 28 గానీ 29 గానీ అవుతుంది. 'నెల ఆఖరి రోజు' అని చెప్పడానికి మామూలు క్రాన్‌లో గుర్తే లేదు. పోనీ ఎలాగో ఆ రోజే నడిపించారనుకుందాం. స్క్రిప్టు సర్వర్‌ని 'ఇది ఏ నెల?' అని అడుగుతుంది, 'మే' అని జవాబు వస్తుంది. 'అయితే గత నెల ఏప్రిల్' అనుకుని ఏప్రిల్ రిపోర్టు తీసి పంపుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది, అంకెలు మాత్రం వేరే నెలవి.

సర్వర్ టైమ్ జోన్‌నే మార్చేస్తే పోలేదా? సైటు ఒక్కటే, వాడేవాళ్లంతా ఒకే కాలమానంలో ఉన్నారు, అక్కడ వేసవిలో గడియారం మార్చే పద్ధతి లేదు అంటే మార్చుకోవచ్చు. మార్చాక క్రాన్‌ని రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అది పాత జోన్‌లోనే లెక్క వేసుకుంటూ కూర్చుంటుంది. నా మటుకు నేను సర్వర్‌ని యూటీసీలోనే ఉంచుతాను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం 2 గంటలకు గడియారం ఒక్కసారిగా 3కి దూకుతుంది, ఆ రోజు 2:30 అనేదే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం 1:30 రెండుసార్లు వస్తుంది. డెబియన్ అనే లినక్స్‌లో వచ్చే క్రాన్ ఇలాంటివి కొంతవరకు సర్దుకుంటుంది గానీ అన్ని క్రాన్‌లూ ఒకేలా ఉండవు. కస్టమర్లకు బిల్లులు పంపే స్క్రిప్టుని ఆ నమ్మకం మీద వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

క్రాన్‌ట్యాబ్ పైనే 'క్రాన్ అండర్‌స్కోర్ టీజెడ్' అని జోన్ రాసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రెడ్ హ్యాట్ కుటుంబం లినక్స్‌లలో క్రాన్‌గా ఉండే క్రోనీ దాన్ని పాటిస్తుంది. డెబియన్ క్రాన్ పట్టించుకోదు, పట్టించుకోలేదని చెప్పదు కూడా. ఉత్త 'టీజెడ్' అని రాస్తే అక్కడ స్క్రిప్టు లోపలి టైము మారుతుంది, అది లేచే టైము మారదు.

అందుకే ఈ పాఠంలో దారి మారుద్దాం. టైము నిర్ణయించే పని క్రాన్ చేతిలోంచి తీసి స్క్రిప్టుకి ఇద్దాం. క్రాన్ పని పావుగంటకోసారి తట్టి లేపడం వరకే:

*/15 * * * *

గంటకోసారి ఎందుకు చాలదంటే, యూటీసీతో తేడా అన్నిచోట్లా నిండు గంటల్లో ఉండదు. మనకు అరగంట ఉంది, నేపాల్‌కి 5 గంటల 45 నిమిషాలు.

లేచిన ప్రతిసారీ స్క్రిప్టు ముందు ఏషియా/కోల్‌కతా జోన్‌లో ఇప్పటి తేదీ, టైము తెలుసుకోవాలి. పైథాన్ 3.9 నుంచి దీనికి జోన్‌ఇన్ఫో తోడుగానే వస్తుంది, పీహెచ్‌పీలో డేట్‌టైమ్‌జోన్ ఉంది. తర్వాత రెండు ప్రశ్నలు: ఈ నెల 1వ తేదీ 00:30 దాటిందా? ఈ నెల పని ఇప్పటికే అయిపోయిందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని వస్తేనే పని మొదలుపెట్టాలి. పూర్తయ్యాక 2025-06 లాంటి పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెట్టాలి, రెండో ప్రశ్నకు జవాబు అదే. 'సరిగ్గా 00:30 అయిందా' అని కాకుండా 'దాటిందా' అని అడగడంలో ఒక లాభం ఉంది. ఆ రాత్రంతా సర్వర్ పడిపోయినా, లేచాక వచ్చే మొదటి పావుగంటకే పని జరిగిపోతుంది.

జోన్ పేరు పూర్తిగా రాయండి. ఐఎస్‌టీ అని మూడక్షరాలు రాస్తే అది ఇండియాకీ, ఇజ్రాయెల్‌కీ, ఐర్లండ్‌కీ కూడా సరిపోతుంది. పేరులో అక్షరం తప్పు పోతే ఇంకా తమాషా: లినక్స్‌లో డేట్ కమాండ్‌కి కోల్‌కతా స్పెల్లింగు తప్పు ఇచ్చి చూడండి. గొడవ చేయకుండా యూటీసీ టైమే చూపించి, పక్కన జోన్ పేరున్నచోట 'ఏషియా' అని వేస్తుంది. ఆ ఒక్క మాట కనబడిందంటే పేరు తప్పిందన్నమాట.

ఈ జోన్ల పట్టిక కూడా శాశ్వతం కాదు. సమోవా 2011లో డిసెంబరు 30ని పూర్తిగా వదిలేసింది. ఈజిప్టు 2023లో వేసవి సమయాన్ని మళ్లీ తెచ్చింది. కాబట్టి సర్వర్‌లోని టీజెడ్‌డేటా ప్యాకేజీని అప్‌డేట్ చేస్తూ ఉండాలి.

డేటాబేస్ గురించి ఒక్కమాట. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ కాలమ్ విలువని యూటీసీలో దాచి, చూపించేటప్పుడు సెషన్ జోన్‌కి మారుస్తుంది. డేట్‌టైమ్ కాలమ్ ఇచ్చింది ఇచ్చినట్టు దాస్తుంది. మీ టేబుల్లో ఏది ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఇక అభ్యాసం. స్క్రిప్టు 'ఇప్పుడు' అనే టైముని బయటినుంచి కూడా తీసుకునేలా మార్చండి, లేకపోతే పరీక్షించడానికి నెలాఖరు దాకా ఆగాలి. మే నెల పని అయిపోయిందని చెప్పే 2025-05 ఫైలు ముందే పెట్టి, యూటీసీలో మే 31, 18:45 ఇవ్వండి, ఏమీ జరగకూడదు. 19:00 ఇవ్వండి, మే రిపోర్టు రావాలి, 2025-06 ఫైల్ పుట్టాలి. 19:15 ఇవ్వండి, మళ్లీ ఏమీ జరగకూడదు. రిపోర్టు తయారవడానికే ఇరవై నిమిషాలు పడితే 19:15కి రెండో కాపీ లేచి కూర్చుంటుంది, దానికి తాళం వేయడం 5వ భాగంలో.