హిమానీనదాల హద్దులు సరిచేసే ముందు జాగ్రత్తలు

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గంగోత్రి హిమానీనదం హద్దు దిద్దబోతున్నారా? మౌస్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఫైల్ కాపీ తీసుకోండి. షేప్‌ఫైల్ (మ్యాపు గీతల్ని దాచే ఫైళ్ల కట్ట) అయితే ఎస్‌హెచ్‌పీ ఫైల్ ఒక్కటే చాలదు; ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే కూడా వెంట ఉండాలి.

• వైశాల్యం డిగ్రీల్లో లెక్కకట్టకండి. మీటర్లలో కొలిచే యూటీఎం మ్యాపు పద్ధతికి మారి, గంగోత్రికి 44 ఉత్తర జోన్ పెట్టుకోండి.

• ఉపగ్రహ చిత్రం ఏ నెలదో చూడండి. అసలు తలనొప్పి ఇక్కడే. కొత్తగా పడ్డ మంచు కూడా హిమానీనదంలాగే తెల్లగా కనిపిస్తుంది, హద్దు ఉబ్బిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొత్త మంచు పడకముందు తీసినవి మేలు. గంగోత్రి హిమానీనదం కింది కొస గోముఖ్ దగ్గర సమస్య తిరగబడుతుంది: మంచుగడ్డ మీద రాళ్లూ మట్టీ కప్పేసి ఉంటాయి. బూడిదరంగు కనిపించిందని కోసేశారో, అసలు హిమానీనదమే పోతుంది!

• ల్యాండ్‌శాట్ 7 ఉపగ్రహం తీసిన చిత్రమా? 2003 మే 31 తర్వాతవైతే నల్లటి చారలుంటాయి; అక్కడ డేటా లేదని అర్థం.

• పక్కపక్క హిమానీనదాలకు ఉమ్మడి గీత ఉంటుంది. టోపోలాజికల్ ఎడిటింగ్ (ఉమ్మడి గీత రెండువైపులా కలిసి కదలడానికి), స్నాపింగ్ (కొత్త బిందువు పాతదానికి అతుక్కోవడానికి) ఆన్ చేయండి. లేదంటే ఒకటి సరిచేస్తే ఇంకోచోట సందు పుడుతుంది.

• హద్దులు దిద్దేటప్పుడు మిగిలే సన్నని ముక్కల్ని గుంపుగా డిలీట్ చేయొద్దు. వాటిలో నిజమైన చిన్న హిమానీనదాలూ ఉండొచ్చు.