అకౌంటెంట్ ఇంటి నుంచి పని చేస్తుంటే ఓటీపీలు, లెక్కలు ఎలా కాపాడుకోవాలి?

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. అకౌంట్లు చూసే అమ్మాయి ఉండేది అనంతపురంలో, పని ఇంటి నుంచే. రాత్రి పదిన్నరకు లారీ లోడయింది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) లేనిదే బండి కదలకూడదు. ఆమె లాగిన్ అయితే ఓటీపీ ఓనర్ ఫోన్‌కు వచ్చింది. "సార్, ఓటీపీ వచ్చింది చూడండి" అని ఫోన్ చేసింది. ఆయన నిద్రమత్తులోనే అంకెలు చదివి పడుకున్నారు.

మా వైపు చాలా ఆఫీసుల్లో ఇదే తంతు. నాకు అన్నిటికంటే భయం వేసేది కూడా దీన్ని చూస్తేనే. అడిగిన ప్రతిసారీ ఓటీపీ చెప్పే అలవాటు పడ్డాక, ఒకరోజు దొంగ అడిగినా నోటికి అదే వస్తుంది.

అందుకే మొదటి పని, ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడం. ఈ-వే బిల్లు సైట్‌లో ఓనర్ లాగిన్‌తో వెళ్లి, యూజర్ మేనేజ్‌మెంట్‌లో సబ్ యూజర్‌ను, అంటే ఓనర్ ఖాతా కిందే ఇంకొకరికి వేరే లాగిన్‌ను, తయారు చేయండి. అక్కడ ఆ అమ్మాయి నంబరే ఇవ్వండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ సైట్‌లో అందరికీ ఓటీపీ తప్పనిసరి. సబ్ యూజర్ ఓటీపీ ఆమె ఫోన్‌కే వెళ్తుంది, అర్ధరాత్రి ఎవరినీ లేపక్కర్లేదు. ఎస్సెమ్మెస్ ఆలస్యమయ్యే చోట ఫోన్‌లోనే ఓటీపీ చూపించే ఎన్‌ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్ పెట్టుకోవచ్చు.

రెండోది, ఆఫీసు మెయిల్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ) పెట్టండి. మిగతా పాస్‌వర్డ్‌లు మార్చే లింకులు వచ్చేది అక్కడికే. వాట్సాప్ గ్రూపులో పెట్టిన పాస్‌వర్డ్‌లను డిలీట్ చేస్తే చాలదు, మార్చేయాలి.

ఇక డబ్బు సంగతి. "మా బ్యాంకు మారింది, ఇకపై ఈ అకౌంట్‌లో వేయండి" అని బ్లేడ్లు సప్లై చేసే వాళ్ల పేరుతో మెయిల్ వస్తుంది. అడ్రస్‌ను ఒక్కో అక్షరం పట్టి చూడండి. ఎల్ ఉండాల్సిన చోట ఒకటి అంకె ఉండొచ్చు. అడ్రస్ సరిగ్గానే ఉన్నా నమ్మేయకండి, వాళ్ల మెయిలే దొంగల చేతిలో ఉండొచ్చు. మెయిల్‌లోని నంబర్ వదిలేసి, మీ ఫోన్‌లో ముందునుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి మాట్లాడాకే డబ్బు వేయండి.

ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ లాంటివి పనయ్యాక మూసేయాలి, శాశ్వత పాస్‌వర్డ్ పెట్టొద్దు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ బ్యాకప్‌ను రోజూ హార్డ్ డిస్క్‌లోకి తీసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చిన రోజు అసలు లెక్కలతో పాటు బ్యాకప్ కూడా పోతుంది.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. పరువు పోతుందని తెల్లారేదాకా ఆగొద్దు, ఆలోపు ఆ డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది.

అకౌంటెంట్ మానేసిన రోజే సబ్ యూజర్‌ను ఫ్రీజ్ చేసి, ఆఫీసు వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి ఆమె ల్యాప్‌టాప్‌ను లాగౌట్ చేయండి.