చవక మార్కర్లతో చిత్రలేఖనం – 3వ పాఠం: బొమ్మకు ముందు పరీక్ష కార్డు

గత రెండు పాఠాలలో మార్కర్ల రకాలను, పాళీల ఆకారాలను పరిచయం చేసుకున్నాము. ఈ పాఠంలో బొమ్మ వేయడం ఉండదు. కొత్తగా కొన్న చవక మార్కర్ల సెట్టును మంచి బొమ్మ మీద వాడే ముందు ఎలా పరీక్షించాలో, తెలిసిన సంగతులను ఒక కార్డు మీద ఎలా నమోదు చేసుకోవాలో నేర్చుకుందాము. నాలుగవ పాఠంలో నేర్పబోయే రంగుల కలయిక అంతా ఈ కార్డు ఆధారంగానే సాగుతుంది కనుక, దీనిని దాటవేయవద్దని కోరుతున్నాను.

ధర తక్కువైనంత మాత్రాన మార్కరు పనికిరానిదని అనుకోనవసరం లేదు. అసలు చిక్కు ఏమిటంటే, దాని గుణం గురించి మనకు ఎవరూ ఏమీ చెప్పరు. చిత్రకారుల కోసం తయారుచేసే మంచి నీటిరంగుల ట్యూబు మీద అందులోని పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) సంకేతం, అది వెలుతురును ఎంతవరకు తట్టుకుంటుందో తెలిపే గుర్తు ముద్రించి ఉంటాయి. చవక మార్కర్ల పెట్టె మీద సాధారణంగా కనిపించేవి ఎన్ని రంగులున్నాయో తెలిపే అంకె, ఆకర్షణీయమైన ఒక బొమ్మ మాత్రమే. ‘పర్మనెంట్’ అని రాసి ఉన్నా, ఆరిన తరువాత నీటికి చెదరదని మాత్రమే దానికి అర్థం. ఎండకు వెలిసిపోదనే హామీ అందులో లేదు. పెట్టె చెప్పని ఈ సమాచారాన్ని మనమే కాగితం మీద రాబట్టుకోవాలి.

పరీక్షకు ప్రధానమైన నియమం ఒక్కటే: ఏ కాగితం మీద బొమ్మ వేయబోతున్నారో ఆ కాగితం మీదనే పరీక్షించాలి. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల బరువున్న) జిరాక్సు కాగితం మీద నిగనిగలాడిన రంగు, గరుకైన డ్రాయింగ్ షీటు మీద మసకగా, మరకలు మరకలుగా కనిపించవచ్చు. మందమైన, నునుపైన కాగితం మీద అదే సిరా పైననే నిలిచి, ఆరడానికి కొంత ఎక్కువ సమయం తీసుకోవచ్చు. అందుచేత మీరు వాడే షీటు నుండే పోస్టుకార్డు పరిమాణంలో కొన్ని ముక్కలు కత్తిరించుకోండి. షీటుకు గరుకు వైపు, నునుపు వైపు వేరువేరుగా ఉంటే, బొమ్మకు ఏ వైపు వాడతారో ఆ వైపే పరీక్షకు తీసుకోవాలి. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలోనూ కాగితం గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. ఆ రోజుల్లో నీటి ఆధారిత మార్కరు గీసిన గీత ఆలస్యంగా ఆరుతుంది కనుక, పరీక్ష జరిపిన నెలను కూడా కార్డు మూలన రాసుకోవడం మంచిది.

ఇక కార్డు సంగతి. ఒక్కొక్క మార్కరుకు ఒక్కొక్క వరుస కేటాయించి, మార్కరు సంఖ్యను పెన్సిలుతోనే రాయండి. పెన్నుతో రాసిన సంఖ్య పక్కనున్న సిరా తగిలి చెదరవచ్చు. వరుస మొదట్లో సుమారు 2 సెంటీమీటర్ల చదరాన్ని పెన్సిలుతో గీసి, సిరాను సరిగ్గా గీత వరకు నింపండి. పది నిమిషాల తరువాత చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది అసలు రంగు. మూత మీది ప్లాస్టిక్ రంగుకూ కాగితం మీద ఆరిన రంగుకూ చాలా తేడా ఉండవచ్చు; తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించినది ఆరాక తేలిపోవచ్చు. ఒకే సెట్టులో వేరు వేరు సంఖ్యలున్న రెండు ఆకుపచ్చలు దాదాపు ఒకటేనని కూడా ఇక్కడే బయటపడుతుంది. రంగును ఎప్పుడూ పగటి వెలుతురులో చూడండి, పసుపు కాంతినిచ్చే బల్బు కింద నీలాలూ ఊదాలూ మోసం చేస్తాయి. రెండవది సిరా పాకే గుణం. చదరపు గీతను దాటి సిరా ఎంత దూరం వెళ్ళిందో చూడండి. ఆల్కహాల్ మార్కరు (సిరాలో నీటికి బదులు ఆల్కహాల్ ఉండేది) ఒక మిల్లీమీటరు బయటకు పాకితే, బొమ్మలో ముఖానికి రంగు వేసేటప్పుడు చెంప గీతకు ఒక మిల్లీమీటరు లోపలే చేయి ఆపాలన్నమాట. అంచు శుభ్రంగా పాకితే దానితో సర్దుకుపోవచ్చు. సన్నని పోగుల్లా చీలి పాకితే ఆ కాగితమూ ఆ మార్కరూ కలిసి పనికిరావని నిశ్చయించుకోండి.

చదరం పక్కనే అదే రంగుతో ఒక పొడుగాటి పట్టీ వేసి, ఆరనిచ్చి, దానిలో మూడింట రెండు వంతుల మీద రెండవ పూత, చివరి వంతు మీద మూడవ పూత వేయండి. కొన్ని మార్కర్లు మూడు పూతలకు మూడు స్పష్టమైన ఛాయలు ఇస్తాయి. ఒక్క మార్కరుతోనే నీడను తీర్చగలిగే అవకాశం ఉన్నందున వాటిని నేను చాలా విలువైనవిగా భావిస్తాను. కొన్ని మొదటి పూతలోనే నిండిపోయి, తరువాత ఎన్ని పూతలు వేసినా మారవు. నీటి ఆధారిత స్కెచ్ పెన్నులతో మూడవ పూతకు కాగితం పైపొర లేచి, నలకలుగా రాలుతుంది. అలా రాలితే ఆ కాగితం మీద రెండు పూతలకు మించకూడదని కార్డు మీద రాసుకోండి. ఆ తరువాత కార్డును తిప్పి వెనుక వైపు చూడండి. ఆల్కహాల్ సిరా వెనక్కి దిగడం సహజమే కాబట్టి అది లోపం కాదు, కానీ కింద పెట్టిన కాగితానికి కూడా అంటుకుంటే స్కెచ్ పుస్తకంలో తరువాతి పేజీ పాడవుతుంది.

నల్ల గీతల పరీక్షను చాలామంది మరచిపోతారు, బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది మాత్రం ఇక్కడే. మీరు గీతలకు వాడే ప్రతి పెన్నుతోనూ కొన్ని గీతలు గీయండి. ఒక గీత మీద ఒక నిమిషానికి, మరొక దాని మీద పది నిమిషాలకు, ఇంకొక దాని మీద మరునాడు లేత రంగు మార్కరును పోనివ్వండి. బాల్ పెన్ను సిరా ఆల్కహాలుకు కరిగి బూడిద రంగుగా చెదురుతుంది. జెల్ పెన్నులు చాలావరకు చెదురుతాయి. పిగ్మెంటు సిరాతో వచ్చే సన్న గీతల పెన్నులు పూర్తిగా ఆరితే సాధారణంగా నిలబడతాయి, అయితే ‘పూర్తిగా’ అంటే ఎంతసేపో మీ కాగితం మీద మీరే తేల్చుకోవాలి. చెదిరిన నలుపు ఆ గీతతోనే ఆగిపోదు. పసుపు మార్కరు పాళీకి అంటుకుని, తరువాత వేసే ప్రతి పసుపునూ మురికి చేస్తుంది. అలా అంటిన పాళీని పనికిరాని కాగితం మీద శుభ్రమైన రంగు వచ్చేవరకు రుద్దాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనదీ, అన్నిటికంటే ఓపిక కావలసినదీ అయిన కాంతి పరీక్ష. ఆల్కహాల్ మార్కర్లలోనూ, ఎక్కువ స్కెచ్ పెన్నులలోనూ ఉండేది డై. పిగ్మెంటు సన్నని రేణువులుగా ద్రవంలో తేలుతూ ఉంటే, డై ద్రవంలో పూర్తిగా కరిగి కాగితపు పీచులోకి ఇంకిపోతుంది. ఆ పారదర్శకమైన అందం దాని వల్లనే వస్తుంది. కానీ రేణువుగా ముద్దకట్టి లేనందున, వెలుతురు తగిలినప్పుడు అది సులువుగా విరిగిపోతుంది. ఇది చవక సెట్లకే పరిమితమైన లోపం కాదు. జపానులో 1987లో వచ్చిన కాపిక్ వంటి ఖరీదైన ఆల్కహాల్ మార్కర్లలోనూ ఉన్నది డైయే. డిజైనర్లు నమూనా గీసి అచ్చుకు పంపడానికి వాడిన సాధనాలివి. గోడ మీద ఏళ్ళ తరబడి నిలవడం వాటి లక్ష్యం కాదు.

వెలిసిపోవడం అంటే బొమ్మ మొత్తం ఒకే తీరుగా లేతబడడం కాదని కూడా గ్రహించాలి. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో తన పడకగదిని చిత్రించినప్పుడు గోడలు ఊదా రంగులో ఉన్నాయి. అందులో కలిపిన ఎరుపు వెలిసిపోయినందున ఈనాడు మనకు నీలి గోడలు కనిపిస్తున్నాయి. మన బొమ్మలోనూ గులాబీ రంగు పోతే ఊదా నీలమవుతుంది, చర్మపు ఛాయ పాలిపోతుంది, చిత్రకారుడు అనుకున్న వెచ్చదనమే మాయమవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. ఒక కాగితపు పట్టీ మీద అన్ని మార్కర్లతోనూ అడ్డంగా గీతలు గీసి, ప్రతి గీత సగం మూసుకునేలా అల్యూమినియం రేకును చుట్టి అంటించండి. ఉదయమో సాయంత్రమో నేరుగా ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి వైపున దానిని అతికించి, తేదీ రాయండి. ఆరుబయట పెడితే వాన, దుమ్ము కూడా కలిసి ఫలితం తారుమారవుతుంది. మొదటి వారానికి, నెలకు, మూడు నెలలకు రేకు ఎత్తి రెండు సగాలనూ పోల్చి చూడండి. మెరిసే ఫ్లోరసెంట్ రంగులు, గులాబీలు, ఊదాలు సాధారణంగా ముందుగా లొంగిపోతాయి. మే నెల ఎండ వేరు, జులై మబ్బు వేరు కనుక, వేరు వేరు కాలాల్లో పెట్టిన పట్టీలను నేరుగా పోల్చలేము. బట్టల పరిశ్రమలోనూ మ్యూజియాలలోనూ దీని కోసం క్రమంగా గట్టిదనం పెరిగే 8 నీలి ఊలు నమూనాలను వాడతారు. ఒక్కొక్కటి వెలవడానికి దాని ముందున్న దానికంటే సుమారు రెట్టింపు కాలం పడుతుంది. ఇంట్లో మనకు అంత ఏర్పాటు అక్కరలేదు. గుణం ముందే తెలిసిన ఒక మార్కరుతో ప్రతి పట్టీ మీద ఒక గీత గీసి ఉంచితే, అదే మనకు కొలబద్ద అవుతుంది.

వెలిసిపోయిన మార్కరును పారవేయవలసిన పని లేదు. మూసి ఉంచే స్కెచ్ పుస్తకానికి, స్కాన్ చేసి అచ్చుకు పంపే బొమ్మకు అది నిశ్చింతగా పనికివస్తుంది. గోడకు తగిలించే బొమ్మకు, ముఖ్యంగా డబ్బు తీసుకుని ఇచ్చే బొమ్మకు, మాత్రం దానిని వాడకూడదని నా గట్టి అభిప్రాయం. తప్పనిసరై వాడితే ఆ సంగతి కొన్నవారికి ముందే చెప్పాలి. రంగును కాపాడుతుందని బొమ్మ మీద వార్నిష్ స్ప్రే కొట్టాలనుకునేవారు ముందు కార్డు మీద కొట్టి చూడండి. కొన్ని స్ప్రేలలోని ద్రావకం ఆల్కహాల్ సిరాను మళ్ళీ కరిగించి పాకేలా చేస్తుంది.

అదే కంపెనీ సెట్టును మళ్ళీ కొన్నా పాత కార్డును నమ్మి పని మొదలుపెట్టవద్దు. కనీసం మీరు తరచుగా వాడే రంగులకైనా కొత్త వరుసలు వేయండి. రెండు వైపులా పాళీలున్న మార్కర్లను పరీక్ష ముగిశాక అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే సిరా రెండు కొనలకూ సమానంగా చేరుతుంది.

వచ్చే పాఠానికి మీ దగ్గర ఉండవలసినవి: పూర్తిచేసిన పరీక్ష కార్డు, కిటికీకి అంటించిన కాంతి పట్టీ, పరీక్ష కార్డులో మూడు పూతలకు మూడు ఛాయలు ఇచ్చిన మార్కర్ల సంఖ్యలు. ఆ సంఖ్యలలో ఒకే రంగు కుటుంబానికి చెందిన రెండింటిని ఎంచి పక్కన పెట్టుకోండి; మామిడిపండు గుండ్రదనాన్ని వాటితోనే తీర్చడం మొదలుపెడదాము.