ప్రెషరైజేషన్ ఫ్యాన్ తిరుగుతోంది, అయినా మెట్లదారిలోకి పొగ: ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

అలారం మోగగానే టెర్రస్ మీది ప్రెషరైజేషన్ ఫ్యాన్ బయటిగాలిని మెట్లదారిలోకి నింపాలి, అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటే పొగ లోపలికి రాదు. పక్క ఫ్లోరు కన్నా మెట్లదారిలో 50 పాస్కల్ ఎక్కువ ఉండాలని, లిఫ్టు లాబీలో 25 నుంచి 30 ఉండాలని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. 50 పాస్కల్ అంటే 5 మిల్లీమీటర్ల నీటిమట్టం తెచ్చే ఒత్తిడి, అంతే. పై అంతస్తుల వాళ్ల ప్రాణం ఆ 5 మిల్లీమీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి చిన్న లీకును కూడా వదలొద్దు.

ఫ్యాన్‌ మీద చెయ్యి వేసేముందు కొలవండి. తలుపులన్నీ మూసి, డిజిటల్ మానోమీటర్ (రెండు చోట్ల ఒత్తిడి తేడా కొలిచే మీటరు) ట్యూబు ఒకటి తలుపు కింది సందులోంచి ఫ్లోరు వైపు పెట్టి, రెండోది మెట్లదారిలో ఉంచండి. తలుపు కింద ట్యూబు నలగకూడదు. పైన, మధ్యన, కింద మూడు చోట్లా రీడింగు రాసుకోండి. మీటరు లేకపోతే సందు దగ్గర అగరబత్తి పట్టుకోండి: పొగ ఫ్లోరు వైపు పోవాలి. దాంతో గాలి ఎటు పోతోందో తెలుస్తుంది, ఎంత ఒత్తిడి ఉందో తెలియదు.

అన్ని ఫ్లోర్లలోనూ 10-15 పాస్కల్ దాటడం లేదు

ముందుగా అనుమానించాల్సింది ఫ్యాన్ తిరిగే దిశను. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ ఉల్టా తిరిగినా గాలి అటే కొడుతుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే శబ్దం వింటే అంతా బాగున్నట్టే ఉంటుంది. కేసింగు మీది బాణం గుర్తుతో సరిచూడండి. కరెంటు మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి చూడాలి. రెండింటి మీదా ఉల్టా అయితే ఐసోలేటర్ (ఫ్యాన్‌కు కరెంటు తెంచే స్విచ్) ఆఫ్ చేసి, తాళం వేసి, మోటారు దగ్గర మూడు ఫేజుల్లో ఏవైనా రెండు మార్పించండి. జనరేటర్ మీద మాత్రమే ఉల్టా అయితే తప్పు జనరేటర్ నుంచి చేంజోవర్ ప్యానెల్‌కు (కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ప్యానెల్) వచ్చే కేబుల్‌ది, దాన్ని అక్కడే సరిచేయాలి. అదే సప్లై మీద ఫైర్ పంపు కూడా ఉల్టా తిరుగుతుంటుంది, దాన్నీ చూడండి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ఉన్న ఫ్యాన్‌కు వచ్చే సప్లైలో ఫేజులు మారినా దిశ మారదు, కానీ డ్రైవ్‌ను తప్పించి బైపాస్‌లో నడిపితే మారుతుంది.

దిశ సరిగ్గానే ఉంటే గాలి పీల్చే జాలీలో పావురాల గూళ్లు, వదులైన బెల్టు, తెరుచుకోని డ్యాంపర్ (గాలిదారిని తెరిచి మూసే రెక్కల తలుపు) చూడండి.

పైన 50 ఉంది, కిందికొచ్చేసరికి 10

గాలి దారిలో ఎక్కడో పోతోంది. ఇంటర్నెట్ కేబుల్, ఏసీ పైపు కోసం గోడకు కొట్టి వదిలేసిన కన్నాలు వెతకండి. 15 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కన్నం ఒక్కటి 50 పాస్కల్ దగ్గర గంటకు సుమారు 475 ఘనపు మీటర్ల గాలిని వదిలేస్తుంది. మూసి ఉన్న ఒక తలుపు చుట్టూ సందుల్లోంచి పోయే గాలికి అది తక్కువేమీ కాదు. ఫైర్‌స్టాప్ సీలెంటుతో మూయండి. మామూలు ఫోమ్ కొట్టొద్దు, అది మంటకు కాలిపోతుంది. కన్నాలేవీ లేకపోతే ఎత్తైన టవరుకు పైనుంచి ఒక్కచోటే గాలి ఇస్తున్నారేమో చూడండి. అది డిజైన్ లోపం. గాలికి నిలువుగా షాఫ్టు వేసి, కొన్ని ఫ్లోర్లకొక గ్రిల్ పెట్టడమే దారి.

తలుపు తోస్తే రావడం లేదు

ఇది పొగ కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. ఫ్లోర్ల తలుపులు మెట్లదారిలోకి తెరుచుకుంటాయి, అంటే ఒత్తిడికి ఎదురుగా తోయాలి. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపుకు 50 పాస్కల్ దగ్గర పిడి వద్ద సుమారు 57 న్యూటన్లు కావాలి. తలుపును దానంతటదే మూసే క్లోజర్‌కు 45 వేసుకుంటే 102, అంటే పది కిలోల బరువు. 100 పాస్కల్‌కు చేరితే 159 న్యూటన్లు, పదహారు కిలోలు. తలుపు కదలడం మొదలవడానికి 133 న్యూటన్లు మించకూడదని అమెరికా ఫైర్ సేఫ్టీ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 101 అంటోంది. పిల్లలూ ముసలివాళ్లూ అంత కూడా తోయలేరు.

కారణం తరచుగా మెట్లదారి ఒత్తిడిని వీఎఫ్‌డీకి చెప్పే ప్రెషర్ సెన్సార్‌లో ఉంటుంది. ట్యూబు ఊడిపోయినా, రంగు వేసినప్పుడు గోడలోని సెన్సార్ రంధ్రం మూసుకుపోయినా రీడింగు సున్నా దగ్గరే నిలిచిపోతుంది. ఒత్తిడి లేదనుకుని వీఎఫ్‌డీ ఫ్యాన్‌ను 50 హెర్ట్జ్ దాకా తీసుకుపోతుంది. ట్యూబును సెన్సార్ వైపు విప్పి, రంధ్రం శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. సెన్సార్ తగిలించి ఉండగా నోటితో ఊదొద్దు, పాడవుతుంది. తర్వాత ప్యానెల్ రీడింగును మీ మానోమీటర్‌తో పోల్చండి. ఒత్తిడి ఎక్కువైతే గాలిని బయటికి వదిలే రిలీఫ్ డ్యాంపర్ రెక్కను చేత్తో కదిపి చూడండి. తుప్పు పట్టి బిగుసుకుంటే ఎక్కువైన గాలికి పోయే దారి ఉండదు.

సెల్లార్‌లో పొగ నిలిచిపోతోంది

2,000 చదరపు మీటర్లు, 3 మీటర్ల ఎత్తున్న సెల్లార్‌కు మంటల వేళ గంటకు 12 సార్లు గాలి మారాలంటే 72,000 ఘనపు మీటర్లు, సెకనుకు 20 ఘనపు మీటర్లు పొగ లాగే ఫ్యాన్ బయటికి లాగాలి. అంత గాలి లోపలికి కూడా రావాలి కదా. 6 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ర్యాంపు తెరిచి ఉంటే గాలి సెకనుకు 1.3 మీటర్ల వేగంతో సులువుగా వస్తుంది. షట్టరు దించి రెండడుగుల సందు మిగిల్చితే అదే గాలి ఐదున్నర మీటర్ల వేగంతో దూరాలి. ఫ్యాన్ లాగలేకపోతుంది, సెల్లార్‌లో ఒత్తిడి పడిపోతుంది, మెట్ల తలుపు ఇంకా బిగుసుకుంటుంది. అందుకే మెట్లదారి ఫ్యాన్‌ను, సెల్లార్ పొగ ఫ్యాన్‌ను కలిపి నడిపి ఈ తలుపును పరీక్షించాలి. షట్టరును ఫైర్ ప్యానెల్ సిగ్నల్‌తో తెరుచుకునేలా పెట్టించండి, లేదా జాలీ షట్టరు వేయించండి.

పొగ లాగే డక్టులో 72 డిగ్రీల ఫ్యూజిబుల్ లింక్ (వేడికి కరిగి తెగే ముక్క) ఉన్న ఫైర్ డ్యాంపర్ కనిపిస్తే డిజైనర్‌తో మాట్లాడి మార్పించండి. వేడిపొగ తగలగానే అది మూసుకుంటుంది, సరిగ్గా పొగ లాగాల్సినప్పుడే. ఫ్యాన్ కూడా 250 డిగ్రీల దగ్గర 120 నిమిషాలు పనిచేసేదై ఉండాలి.

మాన్యువల్‌లో తిరుగుతుంది, అలారానికి తిరగదు

సెలెక్టర్ స్విచ్ ఆటోలో లేదు, లేదా ఫైర్ ప్యానెల్ నుంచి స్టార్టర్‌కు వచ్చే రిలే కాంటాక్టు పనిచేయడం లేదు. డిటెక్టర్‌కు టెస్ట్ పొగ పెట్టి, మల్టీమీటర్‌తో స్టార్టర్ దగ్గర ఆ కాంటాక్టు మారుతోందో లేదో చూడండి. నెలకొకసారి ఇదే పరీక్ష జనరేటర్ మీద కూడా చేసి, వెళ్లేముందు స్విచ్ మళ్లీ ఆటోలో పెట్టి, తేదీతో లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టించండి.