సిలబస్ అయింది, చదువు రాలేదు: లోపం ఎక్కడ వెతకాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే ఏ స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకి వెళ్లినా రెండు మాటలు వినపడతాయి. "సిలబస్ టైముకే అవుతోంది." "పిల్లలకే రావట్లేదు." రెండూ నిజమే. టీచర్లు పాఠాలు మానట్లేదు, పిల్లల్లో తెలివి తక్కువేమీ లేదు. లేనిదల్లా ఒక్కటే. ఏ నైపుణ్యం ఏ తరగతిలో మొదలవ్వాలి, ఎక్కడ గట్టిపడాలి, ఎక్కడ వాడుకలోకి రావాలి అనే లెక్క బడి మొత్తానికీ కలిపి ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్కనే కరికులం మ్యాప్ అంటున్నాం. పాఠ్యపుస్తకంలోని విషయసూచిక మ్యాప్ కాదు. వార్షిక ప్రణాళిక కూడా కాదు, అది ఒక టీచరు ఒక సబ్జెక్టుకి రాసుకునేది. మ్యాప్ బడి అంతటిదీ.

మన బళ్లలో తరచూ కనిపించే లక్షణాలు, వాటి వెనక ఉండే కారణాలు, చేయగలిగిన పనులు కింద రాశాను. మీ బడిని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న దాంతో మొదలుపెట్టండి. అన్నీ ఒకే ఏడాదిలో సరిచేయాలని కూర్చుంటే ఒక్కటీ తెమలదు.

లక్షణం: ఏడో తరగతిలో మళ్లీ భాగహారం చెప్పాల్సి వస్తోంది

612ని 6తో భాగించమని బోర్డు మీద రాయండి. క్లాసులో కొందరు తప్పకుండా 12 అని రాస్తారు. "కింది తరగతుల్లో భాగహారం చెప్పలేదు" అని హైస్కూలు టీచరు అనేస్తారు, "మేం చెప్పాం" అని ఎలిమెంటరీ టీచరు బాధపడతారు. వాదన పక్కన పెట్టి ఆ పిల్లల నోటుబుక్కు దగ్గరగా చూడండి. ఆరులో ఆరు ఒకసారి పోయింది, ఒకటి వేశారు. పక్కనున్న 1 దించారు. ఒకటిలో ఆరు పోదు కాబట్టి 2 కూడా దించేశారు. పన్నెండులో ఆరు రెండుసార్లు, రెండు వేశారు. ఎక్కం తప్పలేదు, తీసివేత తప్పలేదు. పోని చోట సున్నా వేయలేదు. ఈ పిల్లలకి భాగహారం వచ్చు. రానిది స్థాన విలువ. అది మూడు, నాలుగు తరగతుల పని.

ఇది తెలియక ఏడో తరగతిలో భాగహారం మొదటి నుంచి రెండు వారాలు చెప్పారనుకోండి, ఆ రెండు వారాలూ పోతాయి, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

కారణం ఏమిటంటే, స్థాన విలువ అనే పాఠం కింది తరగతిలో "అయిపోయింది". పుస్తకంలో పేజీలు తిరిగాయి, టిక్కు పడింది. తర్వాత ఆ నైపుణ్యాన్ని ఎవరూ పేరు పెట్టి పట్టించుకోలేదు. భాగహారంలో, దశాంశాల్లో, కిలోమీటర్లని మీటర్లు చేసే లెక్కల్లో అది అడుగునే ఉంటుంది గానీ పాఠం పేరులో కనిపించదు.

పిల్లలకి వెంటనే చేయాల్సింది ఒక పీరియడు పని. వరి ఉభాలకి, అంటే నాట్లకి, వెళ్లిన ఆరుగురికి 612 రూపాయలు పంచాలని చెప్పండి. వంద నోట్లు ఆరు, పది నోటు ఒకటి, రూపాయి బిళ్లలు రెండు. కాగితం ముక్కలతో చేయించినా చాలు. వంద నోట్లు తలా ఒకటి. పది నోటు ఆరుగురికి పంచలేరు, చిల్లర మార్చాలి. మార్చిన పది బిళ్లలు, ముందున్న రెండు కలిపి పన్నెండు, తలా రెండు. ఇప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఏముందో అడగండి: వంద నోటు ఒకటి, పది నోటు ఏమీ లేదు, బిళ్లలు రెండు. "ఏమీ లేదు" అన్న చోట ఏం రాయాలో పిల్లలే చెబుతారు. ఆ తర్వాత ఏ భాగహారమైనా ముందు ఉజ్జాయింపు వేసుకోవడం అలవాటు చేయండి. ఆరు వందలు ఆరుగురికి పంచితేనే వంద వస్తుంది, 612కి 12 ఎలా వస్తుంది? తప్పు వాళ్లకి వాళ్లే పట్టుకుంటారు.

బడికి చేయాల్సింది వేరు. తరగతులు పైన అడ్డంగా, నైపుణ్యాలు పక్కన నిలువుగా ఒక పెద్ద కాగితం గీయండి. ప్రతి మూల నైపుణ్యానికీ మూడు చోట్లు ఉండాలి: పరిచయం, సాధన, వాడకం. పరిచయం, సాధన సులువుగా నిండుతాయి. వాడకం గడులు ఖాళీగా ఉన్నాయంటే పిల్లలు మర్చిపోయేది అక్కడే. ఐదు, ఆరు తరగతుల్లో స్థాన విలువకి వాడకం ఎక్కడుందో వెతికి రాయండి, లేకపోతే పెట్టండి. లెక్కల్లో పది, తెలుగులో పది, ఇంగ్లిషులో పది నైపుణ్యాలకి మించి మొదటి ఏడాది తీసుకోవద్దు. ఒత్తులు, గుణింతాలతో ఉన్న పేరా ఆగకుండా చదవడం, చదివింది సొంత మాటల్లో చెప్పడం, ఎక్కాలు, భిన్నం అంటే ఏమిటో బొమ్మలో చూపించడం, ఇలాంటివి.

ప్రాథమిక పాఠశాల, హైస్కూలు వేర్వేరు ఆవరణల్లో ఉన్నా ఈ కాగితం ఒక్కటే కావాలి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగు ఉన్నది ఇలాంటి పనికే. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి అయ్యేసరికి ప్రతి బిడ్డకీ చదవడం, లెక్క చేయడం రావాలనే చెప్పింది, దానికి 2026-27ని గడువుగా పెట్టుకుంది. ఆ మూడు తరగతుల్లో ఏం జరుగుతోందో ఏడో తరగతి టీచరుకి తెలియకపోతే ఆ లక్ష్యం కాగితం మీదే ఉంటుంది.

లక్షణం: సైన్సు పీరియడులో లెక్కల పాఠం చెప్పాల్సి వస్తోంది

దూరం-కాలం గ్రాఫు గీయాలి. పిల్లలకి స్కేలు తీసుకోవడం తెలియదు. లెక్కల సారుని అడిగితే గ్రాఫులు జనవరిలో అంటారు. సోషల్లో జనాభా శాతాలు వచ్చేసరికి లెక్కల్లో శాతాలు ఇంకా మొదలవ్వలేదు. సాంద్రత చెప్పబోతే నిష్పత్తి అడ్డం వస్తుంది.

కారణం చెప్పనక్కర్లేదు, ఎవరి పుస్తకం వాళ్లది. దీనికి పరిష్కారం అన్నిటికంటే సులువు. జూన్‌లో ఒక సాయంత్రం సబ్జెక్టు టీచర్లంతా వార్షిక ప్రణాళికలు పట్టుకుని కూర్చుని, నెలల వారీగా ఒకే పట్టికలో పాఠాల పేర్లు రాయండి. ఒక పాఠానికి ఇంకో సబ్జెక్టులోది అవసరమైతే రెండిటినీ గీతతో కలపండి. గీత వెనక్కి వెళ్తే, అంటే కావాల్సింది తర్వాతి నెలలో ఉంటే, అక్కడ ఢీ ఉన్నట్టు. పాఠాల వరస మార్చడానికి వీలుంటే మార్చండి. పరీక్షల సిలబస్ వల్ల వీలు కాకపోతే లెక్కల టీచరు ఒక పీరియడు ముందుగా ఇచ్చేయాలి. ఆ పీరియడు ఏ వారంలో, ఎవరు చెబుతారో పట్టికలో రాయండి. నోటిమాటగా వదిలేస్తే జరగదు.

లక్షణం: ముఖ్యమైన పాఠం చెప్పేరోజుల్లోనే పిల్లలు ఉండరు

విద్యా హక్కు చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఒకటి నుంచి ఐదు తరగతులకి, 220 పనిదినాలు ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఉండాలి. ప్రణాళికలన్నీ ఆ అంకె మీదే వేస్తాం. బడి తెరిచి ఉన్న రోజులు, బిడ్డ బడిలో ఉన్న రోజులు ఒకటి కావు. వర్షాలు పడగానే ఉభాలు, సంక్రాంతికి ముందు కోతలు, నూర్పులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వేసవి ముఖంలో జీడి పిక్కల పని. తీరంలో తండ్రి వేటకి గుజరాత్ వెరావల్ వెళ్తే ఇంట్లో పెద్దపిల్ల మీద పని పడుతుంది. ఇక తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మన జిల్లాల్లో అక్టోబరుని పూర్తి నెలగా లెక్కేసుకోవడం తెలిసి చేసే తప్పు.

గత ఏడాది, అంతకు ముందు ఏడాది అటెండెన్స్ రిజిస్టర్లు తీయండి. తరగతి వారీగా ఏ వారాల్లో హాజరు పడిందో క్యాలెండరు మీద రంగు వేయండి. ఆ వారాల్లో కొత్త మూల పాఠం పెట్టకండి. సాధన, కథలు చదవడం, ప్రయోగాలు, మునుపటి పాఠాల వాడకం పెట్టండి, రాని పిల్లలు తిరిగి వచ్చాక తెగిపోయిన దారం ఉండదు. ప్రతి రెండు నెలలకీ ఒక వారం ఖాళీగా ఉంచండి. ఏ పైఅధికారి అయినా "ఇది ఎందుకు ఖాళీ" అని అడిగితే రిజిస్టరు చూపించండి.

ఇంకో సంగతి. అమ్మానాన్నలు వలస వెళ్లి, పిల్లలు తాతా అమ్మమ్మల దగ్గర ఉండే ఊళ్లలో "ఇంట్లో పెద్దల సాయంతో చేయండి" అనే హోంవర్కు మీద ఏ పాఠాన్నీ ఆధారపడనివ్వకండి. ఆ పని బళ్లోనే అవ్వాలి.

లక్షణం: ఒకటో తరగతి పిల్ల ఏడాదంతా నోరు విప్పదు

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఇంట్లో మాట సవర అనే గిరిజన భాష. ఇచ్ఛాపురం వైపు కొన్ని ఇళ్లలో ఒడియా. బడికి రాగానే తెలుగు, పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు. ఆ పిల్ల మందకొడి కాదు. తెలుగు చెవికి ఎక్కిన బిడ్డ కోసం రాసిన ప్రణాళికలో ఆ పిల్లని కూర్చోబెట్టాం.

ఇక్కడ నాకు రెండో అభిప్రాయం లేదు. అక్షరాలు ఆగాలి, మాట ముందు రావాలి. మొదటి రెండు మూడు నెలల మ్యాపులో అక్షరమాల బదులు వినడం, చెప్పడం రాయండి. ఇంట్లో వస్తువులు, కొండ మీద చెట్లు, సంత, జంతువులు, ముందు పిల్లల భాషలో, తర్వాత తెలుగులో. సవర వచ్చిన పై తరగతి పిల్లనో, ఊళ్లో చదువుకున్న యువతినో, వంట చేసే అమ్మనో రోజూ కాసేపు క్లాసులో ఉండమనండి. చదువు మొదలయ్యాక నోటికి వచ్చిన మాటల్లోని అక్షరాలతోనే మొదలుపెట్టండి. బోధన వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలో ఉండాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షను చెబుతోంది. అంతకు ఎంతో ముందే గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి చదువు చెప్పించారు. ఆయన పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, 1863లో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు సవర బిడ్డని ముందు వరసలో కూర్చోబెట్టి తన భాషలో కథ చెప్పించడం కూడా మ్యాపులో రాయదగిన పనే.

లక్షణం: ఎఫ్‌ఏలో (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో) మార్కులు వస్తాయి, ఎస్‌ఏలో (టర్మ్ చివరి పెద్ద పరీక్షలో) పడిపోతాయి

ముందే చెప్పిన ప్రశ్నలు, జవాబులు స్లిప్ టెస్టులో ఇస్తే మార్కులు వస్తాయి. కొత్త పేరా ఇచ్చి ప్రశ్న అడిగితే రావు. పాఠం ఒక దాని కోసం, పరీక్ష ఇంకో దాని కోసం నడుస్తున్నాయి. యూనిట్ మొదలుపెట్టే ముందే ఆఖరి ప్రశ్న ఒకటి రాసుకోండి, పుస్తకంలో లేనిది. ఆ ప్రశ్నకి జవాబు రావాలంటే పిల్లలు ఏం చేయగలగాలో చూసుకుని పీరియడ్ ప్లాన్లు రాయండి. అంతే.

లక్షణం: స్థానిక అంశాలు ఏడాదికో ప్రాజెక్టుగా మిగిలిపోతున్నాయి

పొందూరు ఖద్దరు మీద చార్టు, బొబ్బిలి వీణ మీద చార్టు, అతికించి గోడకి. అందులో పిల్లలు నేర్చుకున్నది అక్షరాలు అందంగా రాయడం. స్థానిక విషయాన్ని పాఠం చివర తగిలించే బదులు పాఠం మొదట్లో పెట్టండి. దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే పద్ధతి పొందూరులో ఉంది. పీచు, దారం, బట్ట అనే సైన్సు పాఠానికి ఇంతకన్నా మంచి మొదలు ఎక్కడ దొరుకుతుంది? ఆ దవడలో పళ్లు ఎందుకు పనికొస్తున్నాయి, ఇనప దువ్వెన అయితే ఏమవుతుంది, ఒక కండెకి ఎంత దారం పడుతుంది? ఏ ప్రశ్న ఏ అభ్యసన ఫలితానికి వెళ్తుందో మ్యాపులో పక్కనే రాస్తే అది కాలక్షేపంగా మిగలదు.

లక్షణం: మ్యాప్ వేశాం, గోడ మీద ఉంది, ఎవరూ చూడరు

ఇన్‌స్పెక్షన్ కోసం వేసింది అలాగే ఉంటుంది. రంగు స్కెచ్ పెన్నులతో వేసి లామినేట్ చేస్తే ఇక మార్చడానికి ఎవరికీ చేయి రాదు. పెన్సిల్‌తో వేయండి. ప్రతి నైపుణ్యం ఎదుట మూడు గడులు చాలు: అనుకున్నది, చెప్పింది, వచ్చింది. రెండో గడి టీచరు నింపుతారు. మూడో గడి మార్కుల జాబితా చూసి నింపకూడదు, ముగ్గురు నలుగురు పిల్లల నోటుబుక్కులు తెరిచి, ఒక పిల్లతో బోర్డు దగ్గర చేయించి నింపాలి. ఆ పిల్లల్లో బాగా చదివేవాళ్లు ఒకరికి మించి ఉండకూడదు. రెండో గడిలో టిక్కు, మూడో గడిలో ఖాళీ ఉన్న వరసలే మీ బడికి అసలు పని.

నెలకోసారి అరగంట హెచ్‌ఎం గారి గదిలో ఆ వరసలు మాత్రమే మాట్లాడుకోండి. ఎవరి తప్పు అన్న మాట వస్తే మీటింగు అక్కడితో చెడుతుంది, హెచ్‌ఎం గారే దాన్ని ఆపాలి. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే పక్క ఊరి టీచరుతో ఫోనులో మాట్లాడినా సరిపోతుంది.

ట్రాన్స్‌ఫర్ల సంగతి కూడా చూసుకోవాలి. టీచరు వెళ్తే మ్యాప్ ఆయన బ్యాగులో వెళ్లిపోతోంది, కొత్తగా వచ్చినవారు మళ్లీ ఒకటో పాఠం నుంచి మొదలుపెడుతున్నారు. అడ్మిషన్ రిజిస్టరుతో పాటు బీరువాలో ఉండాల్సిన కాగితం ఇది. ఏప్రిల్‌లో సెలవులకి ముందు పై తరగతి టీచరుకి అప్పజెప్పేటప్పుడు మూడో గడి ఖాళీగా ఉన్న వరసల కింద గీత గీసి ఇవ్వండి, జూన్ మొదటి వారంలో వాళ్లు పాఠం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.