పాట ఒకటే, బొమ్మలు ఎన్నో: పిల్లల పాటల బొమ్మలను పోల్చి చూడడం ఎలా?

ముందు ఒక్క పాట పట్టుకోండి. అందరి నోటా ఉన్న 'చందమామ రావే' అయితే మంచిది. బొమ్మల జోలికి పోకుండా పాటను కాగితం మీద రాసి, అందులో ఉన్నవాటి కింద గీత గీయండి: చందమామ, కొండ, గోగుపూలు. పిలిచేది తల్లో నాయనమ్మో, చంకలో ఉన్నది పాపో బాబో, అది పెరడో మేడో పాట చెప్పదు. చిత్రకారుడి చెయ్యి తెలిసేది అక్కడే.

ఆ చెయ్యి ఎంత బలమైనదో 'హంప్టీ డంప్టీ' అనే ఇంగ్లీషు పిల్లల పాటలో చూడండి. 1797లోనే అచ్చయిన ఆ పాటలో గుడ్డు అనే మాట లేదు. అదొక పొడుపుకథ, విప్పితే గుడ్డు. 1871లో 'త్రూ ది లుకింగ్ గ్లాస్' అనే పిల్లల కథకు బొమ్మలు వేస్తూ జాన్ టెనియల్ గోడమీద గుడ్డుమనిషిని కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఏ పిల్లాణ్ని అడిగినా గుడ్డే గీస్తాడు. విప్పుకునే సరదా పోయిందని నాకు బాధే.

తర్వాత వేర్వేరు కాలాల బొమ్మలు తెచ్చి ఏళ్ల వరుసలో పరవండి. ఇంగ్లీషు పాటలకు కేట్ గ్రీనవే (1881), రాండాల్ఫ్ కాల్డెకాట్ (1882), ఆర్థర్ రాకమ్ (1913) వేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గ్రీనవే తన బొమ్మల్లోని పిల్లలకు పాత తరాల గౌన్లు, టోపీలు తొడిగింది. కాల్డెకాట్‌ది మరీ సాహసం. పళ్లెం చెంచాతో పారిపోయిందని 'హే డిడిల్ డిడిల్' పాట ఆగిపోతుంది. ఆయన ఆగలేదు. మాటల్లేని చివరి బొమ్మలో పళ్లెం ముక్కలై పడి ఉంటుంది, చెంచాను కత్తీ ఫోర్కూ పెద్దవాళ్లలా వెంటబెట్టుకుపోతుంటాయి. పాటలో లేని విషాదమంతా బొమ్మదే!

తెలుగు వరుసకు పాత వాచకాలు, పిల్లల పత్రికలు వెతకండి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య 'చందమామ' పత్రికకు వేసిన ముఖచిత్రాలు పాటల బొమ్మలు కాకపోయినా దగ్గర పెట్టుకోండి. ఒక తరం పిల్లల కళ్లు ఏ రంగులకు అలవాటు పడ్డాయో వాటిలో తెలుస్తుంది.

ఇక ప్రతి బొమ్మ దగ్గరా ఏం వేశారు, ఏం చేర్చారు, ఏం వదిలేశారు అని రాసుకోండి. గోగుపూల విషయంలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లను మోసం చెయ్యలేరు. నారకోసం వేసే గోగుచేలు మనం చూసినవే: లేతపసుపు రేకులు, నడుమ ముదురెరుపు. బొమ్మలో ఏదో ఎర్రపువ్వు కనబడితే ఆ చిత్రకారుడు చేను చూడలేదని నేను అనుకుంటాను.

చివరగా పిల్లలతో గీయించండి. కొండ కావాలంటే విజయనగరం దగ్గరి రామతీర్థం తీసుకెళ్లండి. ఇంట్లో పెద్దావిడ చేత పాడించి, ఆవిడ నోట వచ్చిన మాటలకే బొమ్మ వెయ్యమనండి. పుస్తకంలో లేని చరణం వస్తే ఇంకా మంచిది. కాగితం వెనక పాడినవారి పేరు, ఊరు, ఏడాది రాయడం మరిచిపోకండి.