ఓడలో వెళ్ళిన బట్టకు బూజు, మరకలు, అదనపు బిల్లులు: కారణాలు, పరిష్కారాలు

చేనేత చీరలు, కుట్టిన బట్టలు ఓడలో పంపాక అవతలి నుంచి ఫిర్యాదు వస్తే ముందు ఓడ కంపెనీనే అనుమానిస్తాం. చాలాసార్లు ఆ సమస్య మన గోదాంలోనే అట్టపెట్టెలోకి ఎక్కి ఉంటుంది. అది ఒకందుకు మంచిదే, మన చేతిలో ఉన్నదాన్ని మనమే సరిచేసుకోవచ్చు. మంగళగిరి నూలు, పెడన కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ లాంటి సరుకును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కుర్తాలకైనా దుప్పట్లకైనా పద్ధతి ఇదే.

పెట్టె తెరవగానే ముక్కిన వాసన, బట్ట మీద నల్లచుక్కలు

ఇది బూజు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. కారణం తెలియాలంటే మరక ఎక్కడ ఉందో చూడాలి.

పైవరస పెట్టెలే తడిసి, కిందవి బాగుంటే అది కంటైనర్ చెమట. పగలు ఎండకు లోపలి గాలి తేమను పీల్చుకుంటుంది. రాత్రి ఇనుప పైకప్పు చల్లబడగానే, అన్నం గిన్నె మూతకు నీళ్ళు పట్టినట్టు, ఆ తేమంతా చుక్కలై కింద పడుతుంది. ఒకే మూల, నేలకు దగ్గరగా తడి ఉంటే కంటైనర్‌కు చిల్లు ఉన్నట్టు. అది సముద్రపు నీరో వాన నీరో, నష్టాన్ని పరిశీలించే సర్వేయర్ సిల్వర్ నైట్రేట్ అనే రసాయనం చుక్కతో తేలుస్తాడు. ఉప్పునీరైతే తెల్లగా విరుగుతుంది. పై రెండూ కాకుండా ప్రతి పెట్టెలోనూ మడతల లోపల చుక్కలుంటే, బట్టను తడిగానే ప్యాక్ చేశారని అర్థం.

ఈ మూడోదే ఎక్కువ. నూలుకు వ్యాపార లెక్కలో ఒప్పుకునే తేమ పొడి బరువులో 8.5 శాతం. అంటే ఐదు టన్నుల నూలు బట్టలో మామూలుగానే దాదాపు 390 లీటర్ల నీరు ఉంటుంది. వానాకాలంలో అది ఇంకా పెరుగుతుంది. పైగా పడుగుకు పట్టించిన గంజి చేనేత బట్టలో మిగిలి ఉంటుంది, బూజుకు అదే తిండి. ఆ బట్టను పాలిథీన్ కవర్లో బిగించి సీల్ చేస్తే తేమకు బయటికి దారే ఉండదు.

ఏం చేయాలంటే, ఇస్త్రీ చేసిన బట్ట పూర్తిగా చల్లారాకే మడవండి. వేడి మీద కవర్లో పెడితే ఆవిరి లోపలే ఉండిపోతుంది. తేమ మీటర్‌తో బట్టనే కాదు, అట్టపెట్టెనూ, చెక్క ప్యాలెట్‌నూ చూడండి. కవర్‌కు చిన్న రంధ్రాలు ఉంచండి. వాన పడుతున్న రోజు లోడింగ్ పెట్టుకోకండి, తప్పదంటే షెడ్డు కింద చేయించండి. సరుకు ఎక్కించే ముందు ఒకరు ఖాళీ కంటైనర్ లోపలికి వెళ్తే బయట ఇంకొకరు తలుపులు మూయాలి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే ఆ కంటైనర్ వెనక్కి పంపండి. నేల చెక్క తడిగా ఉన్నా అంతే. పైవరస మీద క్రాఫ్ట్ పేపర్ పరచండి.

చిన్న కవర్‌కు సిలికా జెల్ సరిపోతుంది. మొత్తం కంటైనర్‌కు మాత్రం గోడలకు వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులు కావాలి, అవి పట్టే నీరు చాలా ఎక్కువ. బూజు రాకుండా డైమిథైల్ ఫ్యూమరేట్ కలిపిన పొట్లాలు ఎవరైనా చవకగా ఇస్తే తీసుకోవద్దు. చర్మానికి హాని చేస్తుందని 2009 నుంచి యూరోపియన్ యూనియన్ దాన్ని నిషేధించింది.

2023 చివర ఎర్రసముద్రం గొడవలతో చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలైంది. యూరప్ ప్రయాణం పది పదిహేను రోజులు పెరిగింది. బుకింగ్ సమయంలో ఏ దారిన వెళ్తుందో అడిగి, దాన్ని బట్టి తేమ పీల్చే సంచుల సంఖ్య పెంచండి.

నష్టం జరిగిపోయి ఉంటే? దేన్నీ కదపకముందే ఫొటోలు తీయించండి. పైకి కనిపించని నష్టమైతే డెలివరీ అయిన మూడు రోజుల్లోపు ఓడ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలన్నది ఓడ రవాణాకు వర్తించే అంతర్జాతీయ హేగ్ నియమం. ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమాగా ఉండొద్దు. అన్ని నష్టాలకూ అని చెప్పే ఐసీసీ-ఏ అనే సరుకు బీమా పాలసీలో కూడా సరుకులోనే ఉన్న లోపానికి, సరిగా లేని ప్యాకింగ్‌కు, ఆలస్యానికి పరిహారం ఉండదు. తడిబట్ట ప్యాక్ చేశారని సర్వేయర్ రాస్తే క్లెయిమ్ నిలవదు.

ఒక బట్ట రంగు ఇంకోదానికి అంటింది

మిగులు రంగు సరిగా ఉతికి తీయలేదు. దానికి వేడి, తేమ, పైపెట్టెల బరువు తోడయ్యాయి. ప్యాకింగ్‌కు ముందు తెల్లబట్టతో పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి రుద్ది చూడండి. తడి రుద్దుడులో రంగు దిగితే మళ్ళీ ఉతకాల్సిందే. ముదురు, లేత రంగులు వేర్వేరు పెట్టెల్లో పెట్టి, మడతల మధ్య తెల్ల టిష్యూ వేయండి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి మన అద్దకం బట్టలు యూరప్‌కు వెళ్ళి పేరు తెచ్చుకున్నది ఉతికినా రంగు నిలిచినందుకే. ఒక్క తొందరపాటు కన్‌సైన్‌మెంట్‌తో ఆ పేరు పోనివ్వకూడదు.

తెల్లబట్ట మడతల దగ్గర పసుపు పడితే ఆ కవర్‌ను అనుమానించండి. ప్లాస్టిక్‌లో కలిపే బీహెచ్‌టీ అనే పదార్థం వల్ల అలా అవుతుంది, అది లేని కవర్లు అడిగి తీసుకోండి. వెండి జరీ నల్లబడితే చీరలకు వేసిన రబ్బరు బ్యాండ్లు తీసేయండి, వాటిలోని గంధకం పని అది.

బిల్లు అనుకున్నదానికి రెండింతలు వచ్చింది

కంటైనర్‌లో కొంత చోటు మాత్రమే తీసుకునే ఎల్‌సీఎల్‌లో ఒక ఘనమీటరునూ వెయ్యి కిలోలనూ సమానంగా చూసి, ఏది ఎక్కువైతే దానికే కడతారు. బట్టలకు దాదాపు ఎప్పుడూ చోటే ఎక్కువవుతుంది. 60×40×40 సెంటీమీటర్ల పెట్టె 0.096 ఘనమీటరు. అలాంటివి 20 అయితే 1.92. బరువు 360 కిలోలే ఉన్నా బిల్లు మాత్రం 1.92కి వస్తుంది. సగం ఖాళీ పెట్టెలు పంపితే గాలికి డబ్బు కట్టినట్టే. సరుకు 13, 14 ఘనమీటర్లకు చేరితే 20 అడుగుల కంటైనర్ మొత్తానికి రేటు కూడా అడగండి.

ఇంకో కారణం, అవతలి రేవు ఛార్జీలు. ఇక్కడ చవకగా చెప్పి అక్కడ వసూలు చేసే కొటేషన్లు ఉంటాయి. గమ్యంలో ఎవరు ఎంత కట్టాలో బుకింగ్‌కు ముందే రాతలో తీసుకోండి.

అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోయింది

ఇన్వాయిస్‌లో ‘గార్మెంట్స్’ అని ఒక్క మాట రాస్తే ఆపుతారు. ‘ఆడవారి కుర్తా, నేసిన బట్ట, 100 శాతం నూలు’ అని ఉండాలి. సరుకు రకాన్ని అంకెల్లో చెప్పే హెచ్ఎస్ కోడ్‌లో అల్లిన బట్టతో కుట్టినవి 61, నేసిన బట్టతో కుట్టినవి 62, దుప్పట్ల లాంటివి 63. చీరలకు మన టారిఫ్‌లో 5208 లాంటి వస్త్రాల శీర్షికల్లో చోటుంది కానీ అక్కడి అధికారి ఇంకోలా చూడొచ్చు. కొనేవారి బ్రోకర్‌తో ముందే ఖాయం చేసుకోండి.

అమెరికాకైతే ప్రతి బట్టకూ ఏ పోగు ఎంత శాతం ఉందో, తయారైన దేశం, ఉతికే విధానం తెలిపే లేబుల్ ఉండాలి. ఐఎస్ఎఫ్ అనే ముందస్తు దిగుమతి వివరాలు అక్కడి కస్టమ్స్‌కు, సరుకు ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే అందాలి. యూరప్‌కైతే ఏజో రంగుల నుంచి విడుదలయ్యే నిషిద్ధ అమీన్లు అనే రసాయనాలు కిలోకు 30 మిల్లీగ్రాములు దాటలేదన్న ఏజో పరీక్ష రిపోర్టు దగ్గర ఉంచుకోండి. చెక్క ప్యాలెట్ మీద, పురుగు లేకుండా శుద్ధి చేశారని చూపే ఐఎస్‌పీఎం-15 ముద్ర లేకపోతే బట్ట ఎంత బాగున్నా ఆగిపోతుంది.

సరుకు చేరింది, విడుదల కావడం లేదు

సరుకు విడిపించుకోవడానికి చూపాల్సిన ఓడ కంపెనీ పత్రం, అంటే అసలు బిల్ ఆఫ్ లేడింగ్, ఇంకా కొరియర్‌లోనే ఉండి ఉంటుంది. ఉచిత రోజులు దాటితే రేవులో ఉన్న కంటైనర్‌కు డెమరేజ్, బయటికి తీసుకెళ్ళి తిరిగివ్వని కంటైనర్‌కు డిటెన్షన్ పడుతుంది. డబ్బు చేతికి అందితే ఇక్కడే ఒరిజినల్స్ ఓడ కంపెనీకి సరెండర్ చేసి, అవతల అసలు కాగితం లేకుండానే సరుకు ఇచ్చే టెలెక్స్ రిలీజ్ అడగండి, ఒకటి రెండు రోజుల్లో పని అవుతుంది. డబ్బు రాకముందు మాత్రం కొనేవారు ఎంత టెన్షన్ పెట్టినా సరెండర్ చేయొద్దు. ఆ కాగితం మీ దగ్గర ఉన్నంతవరకే సరుకు మీద పట్టు ఉంటుంది.